పక్కింటావిడకు తగ్గితే చాలా?

"మా తోడికోడలు ఈ మాత్రలు వాడింది. నెల తిరక్కుండా మోకాళ్ల నొప్పులు మాయం! నువ్వూ వాడి చూడవే..." ఈ మాట వినని ఇల్లాలు ఉండదేమో! మనవాళ్ల మాటకు విలువివ్వడం తప్పు కాదు. కానీ ఆ నొప్పి మందుతోనే తగ్గిందా, తగ్గే వేళకు తగ్గిందా? ఆ ఒక్క ప్రశ్న మాత్రం వేయం.

ఇదేదో మన అమాయకత్వం అనుకోకండి. పెద్ద పెద్ద డాక్టర్లూ ఇలాగే పొరబడ్డారు. నెలసరి ఆగిపోయిన స్త్రీలు హార్మోన్ మాత్రలు వాడితే గుండెజబ్బులు తగ్గుతాయని అమెరికాలో చాలాకాలం నమ్మారు. వాడేవారిలో ఆ జబ్బులు తక్కువగానే కనిపించాయి మరి! అయితే వాడిందెవరు? ఎక్కువగా చదువుకున్నవారు, చేతిలో డబ్బున్నవారు, వ్యాయామం చేసేవారు, వేళకు డాక్టరు దగ్గరికి వెళ్లేవారు. ఇక మేలు చేసింది మాత్రా... ఆ జీవితమా?

అది తేల్చడానికే ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ పరిశోధకులు 50 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 16,608 మందిని తీసుకున్నారు. చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. అలా చేస్తే ఉన్నవారూ లేనివారూ, ఆరోగ్యవంతులూ కానివారూ రెండు వైపులా దాదాపు సమానంగా పడతారు. ఒక జట్టుకు హార్మోన్ మాత్ర, రెండో జట్టుకు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరిది ఏదో మింగేవారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు.

ఎనిమిదిన్నరేళ్లు సాగాల్సిన ఆ పరీక్షను సగటున అయిదేళ్లు దాటేసరికి, 2002 జులైలో ఆపేశారు. మాత్ర వాడినవారిలో ఏటా ప్రతి 10,000 మందికీ రొమ్ము క్యాన్సర్లు 8, పక్షవాతాలు 8, గుండెజబ్బులు 7 అదనంగా కనిపించాయి! తుంటి ఎముక విరగడం మాత్రం 5 తగ్గింది.

అలాగని హార్మోన్లు విషమేమీ కాదు. ఒంట్లో వేడి ఆవిర్లతో బాధపడేవారికి, వయసూ ఆరోగ్యమూ చూసి డాక్టర్లు ఇప్పటికీ రాస్తారు. గుండెను కాపాడటానికని మాత్రం రాయరు.

ఇంట్లో కూర్చుని చీటీలు వేసి పరీక్షలు చేయలేం, నిజమే. అడగడం మన చేతిలో పనే కదా! ఎంతమంది మీద చూశారు? వాడనివారికి ఏమైంది? పోల్చారా? ఫలానా పొడి తాగితే పిల్లలు పొడుగవుతారంటారు. ఎదిగే వయసులో అది తాగనివారూ ఎదుగుతారు కదండీ!

బజార్లో బెండకాయ కొన తుంచి చూడనిదే సంచిలో వేయం. మరి ఒంట్లోకి వెళ్లే మందును ఎవరో చెప్పారని మింగేయడమెందుకు?