టీకా వేసినా మెనింజైటిస్: లోపం ఎక్కడ?

టీకాలన్నీ వేయించిన బిడ్డకు బ్యాక్టీరియా వల్ల మెనింజైటిస్ సోకిందంటే, అదీ సాధారణ యాంటీబయాటిక్‌కు లొంగలేదంటే, మొదటి అనుమానం టీకా మీదికే పోతుంది. (తెలుగులో దీనినీ ‘మెదడువాపు’ అనేయడం అలవాటైంది. నిజానికి ఇది మెదడును కప్పి ఉండే పొరలకు వచ్చే వ్యాధి.) అయితే గత పాతికేళ్ల అనుభవం వేరే కారణాన్ని చూపుతోంది.

ఈ వ్యాధికి ప్రధాన కారకాల్లో ఒకటైన న్యుమోకాకస్‌లో వందకు పైగా రకాలున్నాయి. టీకా వాటిలో కొన్నింటినే అడ్డుకుంటుంది. అమెరికాలో 2000లో ఏడు రకాలపై పనిచేసే టీకా వచ్చాక పిల్లల్లో వ్యాధి గణనీయంగా తగ్గింది. కానీ ఆ ఖాళీలోకి పలు మందులను తట్టుకునే 19ఎ రకం ప్రవేశించింది. దానినీ చేర్చి 2010లో 13 రకాల టీకా తెచ్చారు. తర్వాత ఫ్రాన్స్‌లో, టీకాలో లేని 24ఎఫ్ రకం పసిపిల్లల మెనింజైటిస్‌లో ముందుకొచ్చింది. అందులోనూ పెన్సిలిన్‌ను తట్టుకునే శక్తి కనిపించింది.

‘లొంగని’ అనే మాటనూ జాగ్రత్తగా చదవాలి. మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము పెన్సిలిన్‌తో పెరుగుదల ఆగే న్యుమోకాకస్, న్యుమోనియా రోగిలో మందుకు లొంగినట్టే లెక్క. అదే బ్యాక్టీరియా మెనింజైటిస్ రోగిలో లొంగనిదవుతుంది. రక్తంలోని మందులో కొద్ది భాగమే మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి చేరడమే ఇందుకు కారణం. అందుకే 2008లో అమెరికా ప్రయోగశాల ప్రమాణాలు మెనింజైటిస్‌కు హద్దును 0.12 మైక్రోగ్రాముగా విడిగా నిర్ణయించాయి. సెఫ్ట్రియాక్సోన్‌కు వాంకోమైసిన్ జోడించి చికిత్స ప్రారంభించడం వెనకా ఈ భయమే ఉంది.

భారత్‌లో న్యుమోకాకల్ టీకా 2017లో హిమాచల్ ప్రదేశ్, బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించింది. ఆరు, 14 వారాల వయసులోనూ, తొమ్మిదో నెలలోనూ వేస్తారు. దేశీయంగా తయారైన పది రకాల టీకాలో 19ఎ ఉంది, 24ఎఫ్ లేదు.

న్యుమోకాకస్ ఆరోగ్యవంతులైన పిల్లల ముక్కు, గొంతుల్లోనూ నివసిస్తుంది. ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ వాడితే మందుకు లొంగేవి చచ్చి, మొండివి మిగులుతాయి. మూడో తరం సెఫలోస్పోరిన్లను చీటీ లేకుండా అమ్మరాదని షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచి చెబుతూనే ఉంది. అమలు ఎలా ఉందో మందుల దుకాణం మెట్లెక్కిన వారికి తెలుసు.

ఇక్కడ ఏ రకం విస్తరిస్తోందో తెలియనిదే రాబోయే టీకాను ఎంచుకోలేం. పెద్దాసుపత్రికి చేరేలోపే యాంటీబయాటిక్ పడిన బిడ్డ వెన్నునీటిలో తరచూ బ్యాక్టీరియా కల్చర్‌కు దొరకదు. అలాగని నమూనా కోసం చికిత్స ఆపకూడదు. మందు పడ్డాక కూడా పీసీఆర్ పరీక్ష బ్యాక్టీరియా జాడను, దాని రకాన్ని పట్టగలదు. కొవిడ్ కాలంలో పలు జిల్లాలకు చేరిన పీసీఆర్ యంత్రాలను ఇందుకు మళ్లించవచ్చు.