తాళ్లు పేనిన ఊరు

ఓడకు కట్టే పెద్ద తాడును అతుకు లేకుండా పేనాలంటే ఎంత ఇల్లు కావాలి? ఫ్రాన్స్‌లోని రోష్‌ఫోర్ వాళ్లనడిగితే 374 మీటర్ల భవనాన్ని చూపిస్తారు. షరాంత్ నది ఒడ్డునున్న ఆ రాచ తాళ్ల కర్మాగారమే ఆ ఊరికి గుర్తు. చిత్తడి నేలలో కుంగిపోకుండా ఓక్ దుంగలను తెప్పలా పేర్చి, దానిపై గోడలు లేపారు.

అది 1666. పద్నాలుగో లూయీకి యుద్ధనౌకలు కావాలి. వాటిని కట్టేచోటు శత్రువుకు అందకూడదు. మంత్రి కోల్బేర్ కన్ను ఈ ఊరిమీద పడింది. సముద్రం దగ్గరే, కానీ నది వంకరటింకరగా తిరిగి వస్తుంది. దాని ముఖద్వారానికి దీవులే కాపలా. ఇంకేం... పల్లె కాస్తా పట్నమైంది!

అయితే కాపాడిన ఆ వంకరలే కష్టమూ తెచ్చాయి. ఓడ బరువుగా ఉంటే నదిలో అడుగు తగిలేది. అందుకే ఫిరంగులు లేకుండానే ఓడను కిందికి పంపేవారు. ఒడ్డున మనుషులు తాళ్లు పట్టి లాగేవారు. సముద్రం చేరాకే ఫిరంగులు, మందుగుండు ఎక్కేవి.

1779లో ఇక్కడ 'ఎర్మియోన్' తయారైంది. అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి ఫ్రాన్స్ సాయం వస్తోందన్న కబురుతో లాఫాయెత్ 1780లో బోస్టన్ చేరింది ఈ ఓడలోనే.

కాలం మారింది. ఓడలు పెరిగాయి, నది పెరగలేదు. 1927లో నౌకా కర్మాగారం మూతపడింది. 1944లో జర్మన్ సైనికులు వెళ్తూ వెళ్తూ తాళ్ల భవనానికి నిప్పుపెట్టారు. మొండిగోడలు మిగిలాయి. ఊరి కథ అయిపోయిందనుకున్నారంతా.

అవ్వలేదు! ఏళ్లు పట్టినా ఆ భవనాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆ ఉత్సాహంతో 1997లో ఎర్మియోన్‌నూ పాత పద్ధతిలో మళ్లీ కట్టడం మొదలెట్టారు. పని చూడ్డానికి వచ్చిన సందర్శకుల టికెట్ల డబ్బే పెద్ద ఆసరా. 2015లో ఓడ అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్లొచ్చింది.

2021లో మాత్రం పిడుగులాంటి వార్త. చెక్కను శిలీంధ్రం తినేస్తోంది! బయోన్ దగ్గరి రేవులో ఓడను నీళ్లలోంచి తీసి మరమ్మతు మొదలుపెట్టారు. విరాళాలు అడగాల్సి వచ్చింది. 'చెక్క ఓడకు ఇంత ఖర్చెందుకు?' అని ఎవరైనా అడగొచ్చు. రోష్‌ఫోర్ వాళ్లకది ఒట్టి చెక్క కాదు. కాలిన గోడల్లోంచి లేచిన ఊరికి, తానేమిటో గుర్తుచేసే ఓడ. ఒకప్పుడు ఓడలను ఒడ్డు నుంచి తాళ్లతో లాగిన ఊరు... దీన్ని మాత్రం అంత తేలిగ్గా వదిలేస్తుందా!