780 మి.మీ. హ్యాండిల్ మోజు: పాత మౌంటెన్ బైక్ ఉన్నవాళ్లకి నా మాట

ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ చూసి పడిపోవద్దని ఫ్రెండ్స్ అందరికీ చెప్పేవాణ్ణి. సైకిల్ హ్యాండిల్ దగ్గరికి వచ్చేసరికి నేనే అచ్చంగా ఆ తప్పు చేశాను. 780 మి.మీ. అన్న నంబర్ కనిపించింది, పక్కనే డిస్కౌంట్ కనిపించింది, ఆర్డర్ పెట్టేశాను.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 26 అంగుళాల చక్రాల పాత మౌంటెన్ బైక్. దాని హ్యాండిల్ 580 మి.మీ., కర్రలా తిన్నగా, సీటు కంటే కిందకి ఉండేది. వీకెండ్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఒక గంట తొక్కితే చాలు, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కిపోయేవి. సోమవారం మళ్లీ అవే వేళ్లతో కోడ్ రాయాలి కదా! రివ్యూ వీడియోల్లో అందరూ వెడల్పు హ్యాండిల్ అంటుంటే, నా మందు కూడా అదే అనుకున్నాను.

పార్సెల్ పట్టుకుని సైకిల్ షాపుకి వెళ్తే అక్కడి అన్న ఒక్క చూపుతో తేల్చేశాడు: "తమ్మీ, ఇది లావుగుంది, నీ బండికి పట్టదు."

ముందు ఫిట్ అవుతుందా?

హ్యాండిల్‌ని మధ్యలో పట్టుకునే భాగం స్టెమ్. పాత మౌంటెన్ బైక్‌ల మీద స్టెమ్ పట్టుకునే చోట హ్యాండిల్ మందం సాధారణంగా 25.4 మి.మీ. ఉంటుంది. ఇప్పుడొచ్చేవి ఎక్కువగా 31.8, కొన్ని 35 మి.మీ. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 ర్యామ్ పెట్టినట్టే, బలవంతం చేసినా కుదరదు. పట్టుకునే చివర్లు మాత్రం పాతవాటికీ కొత్తవాటికీ 22.2 మి.మీ.నే. అందుకే పాత గ్రిప్పులు, బ్రేక్ లివర్లు, గేర్ షిఫ్టర్లు కొత్త హ్యాండిల్‌కి ఎక్కుతాయి. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్ తర్వాత వెర్నియర్ కాలిపర్స్ ముట్టుకోనివాళ్లకి ఇదే మంచి ఛాన్స్: ఆర్డర్ పెట్టేముందు మధ్యలో ఒకసారి కొలవండి.

నేను కొలవలేదు కాబట్టి కొత్త స్టెమ్ కొన్నాను. నా బండి స్టెమ్ ఫోర్క్ లోపలికి దిగే పాత రకం. కొత్త రకం స్టెమ్ బిగించాలంటే అడాప్టర్ కావాలి. అదీ కొన్నాను. అంతా బిగించి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో హ్యాండిల్ పూర్తిగా తిప్పగానే ముందు బ్రేక్ దానంతట అదే పట్టేసింది! వెడల్పు పెరిగింది, పాత కేబుల్ పొడవు చాల్లేదు. పార్కింగ్‌లో కాబట్టి బతికిపోయాను. అదే గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అయితే? చివరికి ఔటర్‌తో సహా కేబుళ్లు మార్చాను. హ్యాండిల్ ధర కంటే దాని వెనకాల పెట్టిన ఖర్చే ఎక్కువైంది.

అసలు బగ్ ఎక్కడుంది?

ఇంతా చేశాక అర్థమైంది ఏంటంటే, నా సమస్యకి వెడల్పు కారణమే కాదు. హ్యాండిల్ కిందకి ఉండటంతో ఒంటి బరువంతా అరచేతుల మీద పడేది. తిన్నటి బార్ మీద మణికట్టు వంకరగా ఉండేది. అరచేతి అంచున వెళ్లే నరం నొక్కుకుపోయి ఆ రెండు వేళ్లూ మొద్దుబారేవి. నాకు కావాల్సింది హ్యాండిల్ కొంచెం పైకి లేవడం, చివర్లు కొంచెం వెనక్కి వంగడం. బగ్ ఏంటో చూడకుండా ప్యాచ్ వేసినట్టయింది నా పని.

వెడల్పు హ్యాండిల్ దండగ అని నేను అనను. రాళ్ల దారిలో, దిగుడులో బండి మీద కంట్రోల్ బాగుంటుంది. కానీ కొత్త బైక్‌ల ఫ్రేమ్ పొడవుగా, స్టెమ్ పొట్టిగా ఉంటుంది. వెడల్పు హ్యాండిల్ ఆ లెక్కకి సరిపోతుంది. పాత బైక్‌లలో ఫ్రేమ్ పొట్టి, స్టెమ్ పొడుగు. అదే పొడుగు స్టెమ్ మీద వెడల్పు బార్ పెడితే చేతులు చాచుకుపోయి నడుం ముందుకి వాలిపోతుంది. రైడర్లు చెప్పుకునే ఒక అంచనా లెక్క ఉంది: వెడల్పు 20 మి.మీ. పెరిగితే స్టెమ్ 10 మి.మీ. తగ్గాలి. 200 మి.మీ. పెంచినవాడు 120 మి.మీ. స్టెమ్‌లో ఎంత తగ్గిస్తాడు?

మీ వెడల్పు తెలుసుకోవాలంటే పుష్‌అప్ పొజిషన్‌లో నేల మీద హాయిగా చేతులు ఆనించి, రెండు అరచేతుల బయటి అంచుల మధ్య దూరం కొలవండి. అది మొదటి అంచనా. వెడల్పు బార్ ఇప్పటికే కొనేసి ఉంటే వెంటనే కోయకండి. గ్రిప్పులు, లివర్లు లోపలికి జరిపి ఒక వారం తొక్కండి. తర్వాత రెండు వైపులా సమానంగా, కొంచెం కొంచెంగా కోయండి. రంపానికి కంట్రోల్ జెడ్ లేదు.

పాత బండికి డ్రాప్ హ్యాండిల్ పెట్టి గ్రావెల్ బైక్ చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. డ్రాప్ బార్‌లో చేతులు పట్టే భాగం 23.8 మి.మీ. మీ లివర్లు, షిఫ్టర్లు దానికి ఎక్కవు. వీ-బ్రేకులు ఉంటే మామూలు రోడ్ బైక్ లివర్లు వాటికి సరిపడా కేబుల్ లాగలేవు. లుక్ కోసం మొదలుపెడితే సగం బండి మార్చాల్సి వస్తుంది.

అలాగని పాత హ్యాండిల్‌నే పట్టుకు వేలాడమనీ కాదు. గట్టిగా పడిన, వంగిన, లోతుగా గీతలు పడిన అల్యూమినియం బార్‌ని ఆలోచించకుండా మార్చేయండి. అది చెప్పకుండానే విరగొచ్చు.

నా బార్ ఇప్పుడు 700 మి.మీ., స్టెమ్ 70 మి.మీ. తిమ్మిరి పోయింది. కానీ 25.4 మి.మీ. మందంతో, కొంచెం పైకి లేచిన 680 మి.మీ. బార్ ఒక్కటి కొనుంటే పాత స్టెమ్ మీదే పని జరిగిపోయేది, అడాప్టర్ గొడవ ఉండేది కాదు. రివ్యూలు చూడండి, నేనూ చూస్తాను. కానీ ఆ రివ్యూలో ఉన్న ఫ్రేమ్ మీది కాదు, ఆ చేతులూ మీవి కావు.