ఫోన్ చేయబాకండి, జామీనుకి నిలబడండి

మన వైపు ఎవరైనా తాగి బండి తోలతా పోలీసులకి దొరికితే మొదట జరిగే పని ఏందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్. దొరికినోడు బావమరిదికి చేస్తాడు. బావమరిది ఊళ్ళో పెద్దమనిషికి చేస్తాడు. ఆయన ఇంకో పెద్దాయనకి చేస్తాడు. అర్ధగంటలో స్టేషన్‌కి నాలుగు ఫోన్లు పోతాయి. "మా పిల్లోడే సార్, వదిలేయండి" అని.

ఉదయగిరి అయినా, ఆత్మకూరు అయినా, వింజమూరు, మర్రిపాడు యాడైనా ఇదే తంతు. ఈ పోస్టు ఆ ఫోన్ గురించే. బెయిలు కోసం అయితే ఆ ఫోన్ అక్కర్లేదు, బెయిలు చట్టమే ఇస్తుంది. కేసు లేకుండా చేయడానికి అయితే ఆ ఫోన్ చేయనే కూడదు. ఈ రెండింటికీ తేడా తెలియక మనోళ్ళు డబ్బులు పోగొట్టుకుంటున్నారు, తప్పించుకోదగ్గ జైలుకి కూడా పోతున్నారు. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకి మించి మద్యం ఉంటే నేరం. మొదటిసారి అయితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ళ దాకా జైలు, లేదా 15 వేల జరిమానా, లేదా రెండూ. జరిమానాలు ఇంత పెరిగింది 2019 సెప్టెంబరు నుంచి. కారుకే అనుకోబాకండి. ఎక్సెల్ బండి అయినా, ఆటో అయినా, ట్రాక్టర్ అయినా ఇదే సెక్షన్. తోలబోయినా కేసే.

ఇంకో సంగతి. ఇది రోడ్డు మీద కట్టించుకుని వదిలే జరిమానా కాదు. హెల్మెట్ లేకపోతే చలానా రాస్తారు, కడతాం, పోతాం. 185 అట్టా కుదరదు. కోర్టుకి పోవాల్సిందే. రోడ్డు మీదనే "రెండు వేలు ఇచ్చి పో" అని ఎవరన్నా అంటే అది జరిమానా కాదు, దాని పేరు వేరే.

ఇప్పుడు బెయిలు. మూడేళ్ళ కంటే తక్కువ శిక్ష ఉండే ఇట్టాంటి నేరాలు బెయిలబుల్ కిందికి వస్తాయి. అంటే ఏంది? బెయిలు ఇవ్వడం ఎస్సై గారి దయ కాదు, మెజిస్ట్రేటు గారి దయా కాదు. అడిగి పూచీకత్తు ఇస్తే వదలాల్సిందే. స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు, కోర్టు దాకా పోనక్కర్లేదు. పాత సీఆర్‌పీసీలో ఇది 436వ సెక్షన్. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 478. నంబరు మారింది గానీ హక్కు మారలేదు. జామీను ఇచ్చే దిక్కు లేని పేదోడైతే సొంత పూచీకత్తు రాయించుకుని వదలాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. వారం రోజుల్లో జామీను తెచ్చుకోలేకపోతే వాడు పేదోడేనని అనుకోవాలని కూడా రాసిపెట్టారు.

చాలాసార్లు అరెస్టు దాకా కూడా పోదు. మిషన్‌లో ఊదించి, కాగితం రాసి, ఫలానా రోజు కోర్టుకి రమ్మని నోటీసు ఇచ్చి పంపిస్తారు. ఒకవేళ అరెస్టు చేస్తే ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

ఒకటి, 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల లోపు డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. ఇది మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్.

రెండు, ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి. బెయిలు హక్కు ఉందని కూడా వాళ్ళే చెప్పాలి.

మూడు, ఇంట్లోవాళ్ళకో, మీరు చెప్పిన మనిషికో కబురు చేయాలి.

నాలుగు, 24 గంటలు దాటి స్టేషన్‌లో పెట్టుకోకూడదు. ఆ లోపల మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

బండి సంగతి కూడా చెబుతా. తాగినోడి చేతికి బండి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ తాగని మనిషి, లైసెన్సు ఉన్న మనిషి వచ్చి అడిగితే అతనికి అప్పగించాలని, తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండి పట్టి పెట్టుకోకూడదని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. మన రాష్ట్రం కోర్టు కాదు, నిజమే. అయినా మర్యాదగా అడగడానికి అది మంచి ఆధారం.

ఇంత సులువుగా ఉంటే మరి డబ్బులు ఎవరికి పోతున్నాయి? స్టేషన్ ఎదురుగా టీ అంగడి కాడ కూర్చునే మనిషి ఒకడు ఉంటాడు. "ఐదు వేలు పెట్టు, నేను మాట్లాడి బెయిలు ఇప్పిస్తా" అంటాడు. ఎట్టాగూ రావాల్సిన బెయిలునే వాడు మనకి అమ్ముతున్నాడు. మన కయ్యలో పండిన వడ్లు మనకే అమ్మినట్టు. భయంలో ఉన్న ఆడమనిషి మెడలో ఉన్నది తాకట్టు పెట్టి తెచ్చి ఇస్తుంది. తెల్లారి మొగుడు ఇంటికి వస్తాడు, ఆ మధ్యవర్తి దేవుడైపోతాడు.

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఇంటికి వచ్చినోడు కేసు అయిపోయింది అనుకుంటాడు. "మాట్లాడేశారంట, ఇంకేం లేదంట" అంటాడు. బెయిలు అంటే కేసు కొట్టేయడం కాదయ్యా. పిలిచినప్పుడు కోర్టుకి వస్తానని రాసిచ్చిన మాట, అంతే. కోర్టు వాయిదా రోజు వీడు పొలంలో ఉంటాడు. రెండు వాయిదాలకి పోకపోతే నాన్ బెయిలబుల్ వారెంటు వస్తుంది. ఆర్నెల్ల తర్వాత, సరిగ్గా కోతల్లోనో, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నప్పుడో, పోలీసులు ఆ వారెంటు పట్టుకుని వస్తారు. నేరం బెయిలబులే అయినా, వీడు తప్పించుకు తిరిగే మనిషని కోర్టు అనుకుంటే ఇక అంత తేలిగ్గా వదలదు. బెయిలు మీద బయటికి వచ్చి కారణం లేకుండా కోర్టుకి పోకపోవడమే ఒక కొత్త నేరం, భారతీయ న్యాయ సంహిత 269 కింద ఏడాది దాకా జైలు. జామీను ఉన్న బంధువు కూడా రాసిచ్చిన మొత్తం కట్టాల్సి వస్తుంది.

తాగినందుకు పది వేల జరిమానాతో పోయే కేసు, వాయిదాకి పోనందుకు జైలు దాకా వస్తుంది. మొదటి తప్పు మందుది. రెండో తప్పు "మాట్లాడేశాం" అన్న ఆ ఫోన్‌ది.

ఒకసారి సబ్ జైలుకో, చెముడుగుంట సెంట్రల్ జైలుకో పోయాక బయటికి రావడం ఎట్టాగో కూడా తెలుసుకోండి. కోర్టు బెయిలు ఇచ్చిందంటే ఆ నిమిషమే తలుపు తీయరు. కోర్టు అడిగినంతమంది జామీనుదారులు రావాలి. ఆధార్, ఇంటి పన్ను రసీదు, పాసు పుస్తకం లాంటివి చూపించాలి. అవి నిజమో కాదో చూస్తారు. అప్పుడు కోర్టు నుంచి విడుదల ఉత్తర్వు జైలుకి పోవాలి. సాయంత్రం జైలు వేళ దాటితే మర్నాడే. శుక్రవారం పొద్దుపోయి ఒక కాగితం తక్కువైతే, మర్నాడు రెండో శనివారం అయితే, సోమవారం దాకా ఆగాల్సిందే. అందుకే కాగితాలు ముందే చేతిలో పెట్టుకుని పోండి.

జామీనుదారు ఇదే ఊరోడు, ఇదే జిల్లావోడు కావాలని ఎవరన్నా అడ్డం పెడితే ఒక పాత తీర్పు గుర్తుచేయండి. 1978లో మోతీరామ్ అని మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీ. బెయిలు వచ్చింది గానీ పది వేల జామీను అడిగారు. ఆ రోజుల్లో పది వేలు! తోడబుట్టినోడు జామీను ఇస్తానంటే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుబట్టారు. పేదోడి స్తోమతు చూసి జామీను పెట్టాలని, జిల్లా వేరని కాదనకూడదని చెప్పారు. ఉదయగిరి సీమలో మనకి ఇది ఎంత అవసరమో చూడండి. సగం చుట్టరికాలు పామూరు వైపు, బద్వేలు వైపు. అవన్నీ వేరే జిల్లాలే గదా.

2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. బెయిలు ఉత్తర్వు కాపీ అదే రోజో మర్నాడో జైలు అధికారికి ఈమెయిల్‌లో పోవాలి. బెయిలు వచ్చి వారం దాటినా మనిషి లోపలే ఉంటే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలి. వకీలుని పెట్టుకునే స్తోమతు లేకపోతే ఆ సంస్థే ఉచితంగా వకీలుని ఇస్తుంది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయం ఎంతని కూడా చూడరు. 15100కి ఫోన్ చేయండి. చేయాల్సిన ఫోన్ అదొక్కటే.

"ఏందన్నా, తాగి తోలినోడికి ఇన్ని హక్కులు చెబుతున్నావు, ఇంక భయం ఏముంటుంది?" అని అడిగేవాళ్ళు ఉంటారు. న్యాయమైన ప్రశ్న. ముఖ్యంగా ఆడవాళ్ళు అడగాలి. నా జవాబు ఇది. భయం ఒక రాత్రి స్టేషన్ బల్ల మీద కూర్చోబెడితే రాదు. కేసు తప్పకుండా కోర్టుకి పోతుంది, ఎవరు చెప్పినా ఆగదు అని తెలిస్తే వస్తుంది. ఆ భయాన్ని చంపుతున్నది బెయిలు కాదు, మన ఫోన్. ఫోన్ చేసే దిక్కు ఉన్నోడు ఇంటికి పోతాడు, దిక్కు లేనోడు కోర్టుకి పోతాడు. ఒకే రోడ్డు మీద ఒకే మందు తాగి దొరికిన ఇద్దరికి రెండు చట్టాలు. ఆ ఇంటికి పోయినోడే మళ్ళీ వారానికి తాగి తోలతాడు.

తోలితే ఏమవుతుందో మొన్న చూశాం గదా. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు కాడ ఒక బైకు పడిపోయింది. నడిపినోడు చనిపోయాడు. రోడ్డు మీద పడున్న ఆ బైకుని హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే బస్సు ఈడ్చుకుపోయి మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైకు నడిపినోడు తాగి ఉన్నాడని పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. ఆ బస్సులో వాళ్ళు ఎవరికీ ఏ తప్పూ చేయలేదు. మన నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు హైవే మీద కూడా రాత్రంతా లారీలు, బస్సులు పోతానే ఉంటాయి.

మనిషి చనిపోతే లెక్క వేరే. నిర్లక్ష్యంతో చావుకి కారణమైతే న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ళ దాకా. తాగి తోలితే ప్రాణాలు పోతాయని తెలిసీ తోలాడని 105 కింద పెడితే పదేళ్ళ దాకా పోవచ్చు, అది నాన్ బెయిలబుల్. 2006లో ముంబైలో రోడ్డు పక్కన పడుకున్న కూలీల మీదికి కారు ఎక్కిస్తే ఏడుగురు చనిపోయిన కేసులో, పాత చట్టంలో అట్టాంటి సెక్షన్ కిందే వేసిన మూడేళ్ళ శిక్షని సుప్రీంకోర్టు 2012లో ఖాయం చేసింది. ఆ రోజు ఏ పెద్దాయన ఫోనూ పనిచేయదు.

మనం ఏ గడ్డ మీద ఉన్నామో కూడా ఒకసారి గుర్తుచేసుకుందాం. దూబగుంట మన కలిగిరి మండలమే. 1992లో చదువు నేర్చుకోవడానికి రాత్రి బడికి పోయిన ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది అక్కడ మొదలైన నిప్పుతోనే. నిషేధం తర్వాత ఎత్తేశారు, అది వేరే కథ. ఆ ఆడవాళ్ళకి ఫోన్ చేసే పెద్దమనుషులు లేరు. న్యాయం వాళ్ళ పక్క ఉంది, అంతే.

కాబట్టి పెద్దమనుషులకి నా మనవి. ఈసారి పొగాకు వేలం డబ్బులు చేతిలో పడ్డ రోజు రాత్రి మీకు ఫోన్ వస్తే, "కేసు తీసేయమని చెప్పను" అనండి. "జామీనుకి మాత్రం నేను వస్తా" అనండి. ఆధార్, పాసు పుస్తకం తీసుకుని స్టేషన్‌కి పోండి. సంతకం పెట్టండి. బండి మీరు తోలుకుని రండి. వాయిదా రోజు వాడిని మీ బండి మీదే ఎక్కించుకుని కోర్టుకి తీసుకుపోండి. జరిమానా వాడి చేత్తో వాడి చేతనే కట్టించండి. మీ సంతకం పోతుందన్న భయం వాడికి ఉంటుంది, వాడు పారిపోతే మీ డబ్బు పోతుందన్న బాధ్యత మీకు ఉంటుంది. ఒక మనిషికి ఊరు చేయగలిగిన మేలు అదే.

తాగే తమ్ముళ్ళకి ఒక్క మాట. తాగొద్దని చెబితే వినరు, నాకు తెలుసు. తాగిన రోజు బండి తాళం తాగని వాడి చేతికి ఇవ్వండి, లేదా అక్కడే పడుకోండి. బెయిలు మీ హక్కే. రోడ్డు మీద ఎదురొచ్చే మనిషికి ప్రాణంతో ఇల్లు చేరే హక్కు అంతకంటే పెద్దది.