ఆనకట్ట చుట్టూ అడవి

శ్రీశైలమునకు విహారయాత్ర వెళ్ళివచ్చిన విద్యార్థులు వ్రాయు వ్యాసములలో మల్లన్న గుడి, పాతాళగంగ, ఆనకట్ట గేట్లు తప్పక ఉండును. బస్సు గంటలకొలది ఏ నల్లమలగుండా నడిచినదో ఆ అడవి మాత్రము ‘పచ్చని చెట్లు కనువిందు చేసినవి’ అను ఒక్క వాక్యముతో ముగియును. పులి కనబడలేదన్న విచారము మరొక వాక్యము. ఈ లోపము పిల్లలది కాదు; ఆనకట్టను మానవ విజయముగాను, అడవిని దాని చుట్టు తోరణముగాను చూపు బోధనది.

కృష్ణపై నాగార్జునసాగరమునకు 1955లో, శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపనలు జరిగినవి. ఆ జలాశయములను ఆనుకొనియున్న అడవి 1978లో అభయారణ్యమైనది. 1983లో పులుల సంరక్షణ పథకములో చేరినది. 2014 విభజనతో కృష్ణకు ఉత్తరపు భాగము అమ్రాబాదు పేరున తెలంగాణమునకు చెందినది. నది ఇప్పుడు రెండు ప్రభుత్వములకు హద్దు. ఈత వచ్చిన పులికి కాదు.

శ్రీశైల జలాశయము మొదట సుమారు 308 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. నేడు పట్టునది సుమారు 215. తక్కిన చోటును ఒండ్రు ఆక్రమించినది. అందు అధికభాగము ఎగువ నేలలనుండి కృష్ణాతుంగభద్రలు మోసితెచ్చిన మన్ను. చెట్టు వేరు విడిచిన మన్ను ఎచ్చటికి చేరునో తెలుపుటకు ఈ తీసివేత లెక్క చాలును; లెక్కల మాస్టరైనను చెప్పవచ్చును.

అయితే అడవిపై ప్రేమ పులితో ఆగిపోరాదు. పెంటలలో నివసించుచు తేనె తీసి, గడ్డలు త్రవ్వి బ్రదుకు చెంచులు ఈ అడవి మనుషులు. శ్రీశైల మల్లన్న వారికి అల్లుడు. పులికొరకు వీరిని వెలుపలికి పంపవలెనన్న మాట మరల మరల వినబడుచున్నది. మైదానమున బడి, వైద్యము అందునన్న వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. కాని పోవుటయో, ఉండుటయో వారు నిర్ణయించుకొనవలసినది. హక్కులను గుర్తింపక, గ్రామసభ సమ్మతి లేక కదలింపరాదని 2006 నాటి అటవీహక్కుల చట్టమే చెప్పుచున్నది. శ్రీశైల జలాశయమునకై ఊళ్ళు విడిచినవారి గోడు కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలు 1981లోనే విన్నవి. ఆ కథ పులి పేరిట రెండవమారు జరుగుట అన్యాయము.

నేడు అటవీశాఖ కొలువులో పులి అడుగుజాడలు పట్టి చెప్పువారిలో చెంచు యువకులున్నారు. రాబోవు విహారయాత్రలో గేట్లవద్దకు పోవుటకు ముందు, వారిలో ఒకరిచేత విద్యార్థులకు అర్ధగంట పాఠము చెప్పించవచ్చును.