పోర్ట్ బ్లెయిర్‌లో ఐదింటికే చీకటి: విద్యార్థి క్షేమంపై వ్యాసం రాసే ముందు

విద్యార్థుల మానసిక క్షేమంపై వ్యాసం రాయమంటే మనలో చాలామంది ఒకే దారి పడతాం. యోగా, ధ్యానం, సమతులాహారం, ఫోను తగ్గించడం, చివర వివేకానందుడి మాట ఒకటి. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ అన్నీ కలిపి చూడండి, బరువంతా విద్యార్థి నెత్తినే పెట్టేశాం. నిద్ర పట్టకపోతే అతని తప్పు, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే ఆమె బలహీనత. రేపు జిల్లా పాలన చూడాలనుకునేవాళ్లు ఇలా ఆలోచించడం నాకు మింగుడుపడదు. క్షేమంలో కొంత భాగం విద్యార్థి చేతిలోనే ఉంటుంది. మిగతాది గడియారం, రవాణా, భాష, కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా లేరా అనే వాటి మీద ఆధారపడుతుంది. ఈ రెండో భాగం స్పష్టంగా కనిపించే చోటు అండమాన్ నికోబార్ దీవులు. అక్కడ మనవాళ్లు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రతి వందమందిలో సుమారు 13 మందికి తెలుగే మాతృభాష.

ముందు గడియారం సంగతి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82°30' తూర్పు రేఖాంశం మన కాకినాడ సమీపంగా పోతుందని జాగ్రఫీలో చదివే ఉంటారు. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92°45' మీద ఉంది. (2024 సెప్టెంబరులో దాని పేరు శ్రీ విజయపురంగా మారింది. ప్రిలిమ్స్‌కు గుర్తుంచుకోండి, నేను ఇక్కడ అలవాటైన పేరే వాడుతున్నాను.) డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన కాకినాడతో 41 నిమిషాల తేడా, ఢిల్లీతో గంటకు పైనే. మే నెలలో తెల్లవారి ఐదింటికే సూర్యోదయం, నవంబరులో సాయంత్రం ఐదయ్యేసరికి సూర్యుడు అస్తమిస్తాడు. గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక దీవులకు ఇంటర్నెట్ మెరుగుపడింది, దానితో ఆన్‌లైన్ కోచింగ్ కూడా వచ్చింది. ఢిల్లీ సంస్థ క్లాసు రాత్రి 8 నుంచి 10:30 దాకా అనుకోండి. సూర్యుడి లెక్కన దీవిలోని విద్యార్థికి అది 9 నుంచి 11:30. ఆపైన ఎవరో టాపర్ చెప్పిన 'ఒంటిగంట దాకా చదివి ఏడింటికి లేచాను' అనే టైమ్‌టేబుల్ గోడకు అతికించుకుంటాడు. ఐదింటికి కిటికీలోంచి వెలుగు మొహాన పడి లేపేస్తుంది. నెల తిరిగేసరికి కళ్లు మంటలు, చదివింది నిలవదు. రేఖాంశం చేసిన పనికి తనను తాను సోమరి అని తిట్టుకుంటాడు. ఆ టాపర్ టైమ్‌టేబుల్ ఆ టాపర్ ఊరిదని చెప్పేవాళ్లు లేరు.

ఇక దూరం. పోర్ట్ బ్లెయిర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం 1967 నుంచి ఉంది, మాయాబందర్‌లో 1990లో మహాత్మాగాంధీ ప్రభుత్వ కళాశాల వచ్చింది. అయినా చాలా కోర్సులకు పోర్ట్ బ్లెయిరే దిక్కు. క్యాంప్‌బెల్ బే నుంచి అక్కడికి సముద్రం మీద 500 కిలోమీటర్లకు పైనే. హైదరాబాద్ హాస్టల్లో ఉన్న నల్గొండ కుర్రాడికి బెంగ పుడితే శనివారం బస్సెక్కి, అమ్మ చేతి అన్నం తిని, సోమవారం క్లాసుకు వచ్చేస్తాడు. క్యాంప్‌బెల్ బే అమ్మాయికి ఓడ ఉండాలి, టికెట్ దొరకాలి, సముద్రం శాంతించాలి. 'అప్పుడప్పుడూ ఇంటికి వెళ్లి రండి' అనే సలహా ఆమెకు పనికిరాదు. పరీక్షల షెడ్యూలు, సెలవులు ఓడల రాకపోకలు చూసి ఖరారు చేయడం, ఓడ ఆలస్యమైన రోజులకు హాజరు మినహాయించడం పెద్ద ఖర్చులేని సంస్కరణలు. జీఎస్-2 జవాబులో ఇలాంటివి రాయండి. అన్నట్టు పోర్ట్ బ్లెయిర్‌లో సివిల్స్ ప్రిలిమ్స్ కేంద్రం ఉంది, మెయిన్స్ కేంద్రం లేదు. అక్కడి అభ్యర్థి మెయిన్స్ రాయాలంటే ముందు సముద్రం దాటాలి.

అంకెలు కూడా చూద్దాం, జాగ్రత్తగా. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్యల రేటు లక్షకు 12.4. అండమాన్ నికోబార్‌లో 42.8, సిక్కిం తర్వాత రెండో స్థానం. ఇది జనాభా అంతటికీ సంబంధించిన రేటు, విద్యార్థులది కాదు. వ్యాసాల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు, మీరు కలపకండి. జనాభా చిన్నది కాబట్టి రేటు ఊగిసలాడుతుందనీ అనవచ్చు. కానీ 2021లోనూ ఆ దీవులే దేశంలో మొదటి స్థానం. ఇక దేశవ్యాప్తంగా 2022లో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది.

చట్టం ఏం చెబుతోంది? మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ ఈ సేవలను హక్కుగా గుర్తించింది. అవి 'భౌగోళికంగా అందుబాటులో' ఉండాలని కూడా అంది. దీవుల గురించి రాసేటప్పుడు ఆ మాట మరవకండి. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఒక అమ్మాయి మరణం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం 21వ అధికరణలో భాగమని చెప్పింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. అంతకంటే తక్కువమంది ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయొద్దని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

మంచిదే. కానీ ఆ కౌన్సెలర్ ఏ భాషలో వింటారు? దీవుల్లో తెలుగు పిల్లలు హిందీ బాగానే మాట్లాడతారు. ఫీజులు, మార్కులు, హాస్టల్ గొడవలు హిందీలో చెప్పేస్తారు. 'మనసు బాగోలేదు', 'ఏదోలా ఉంది', 'దిగులుగా ఉంది' అనేవి ఎలా చెబుతారు? బెంగ అనే మాటకు హిందీ వెతికేలోపు చెప్పాలన్న కోరికే పోతుంది. 'సబ్ ఠీక్ హై సర్' అనేసి బయటకు వస్తారు. నికోబారీ విద్యార్థికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువే ఉంటుంది. నియామకపు నోటిఫికేషన్‌లో స్థానిక భాష ఒక అర్హతగా లేకపోతే కౌన్సెలర్ పోస్టు సగమే భర్తీ అయినట్టు.

అన్ని భాషల నిపుణులను ఎక్కడి నుంచి తెస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ బృందాలు ఆ దీవులకు వెళ్లాయి. ఉన్న కొద్దిమంది డాక్టర్లు అందరినీ చూడలేరు కాబట్టి స్థానిక ఉపాధ్యాయులకు, క్షేత్రస్థాయి కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, బాధితుల మాట వినడం, అవసరమైనవారిని డాక్టరు దగ్గరికి పంపడం నేర్పారు. విపత్తులో చేయగలిగిన పని మామూలు రోజుల్లో ప్రతి కాలేజీలో ఇద్దరు అధ్యాపకులతో, నలుగురు సీనియర్లతో చేయలేమా? ఈ తరం మరీ సున్నితమైపోయిందనే పెద్దలకు కూడా నేను ఇదే ఉదాహరణ చూపిస్తాను. సునామీని తట్టుకున్నవాళ్లకే వినేవాళ్లు కావలసి వచ్చింది.

మీరు దీన్ని ఏ దీవిలోనో చదువుతుండవచ్చు, అశోక్‌నగర్ గదిలోనో చదువుతుండవచ్చు. ఈ వారం రెండు పనులు చేయండి. ఏడు రోజుల నిద్ర గంటలు రాసుకుని, మీ ఊరి సూర్యోదయంతో పోల్చి టైమ్‌టేబుల్ సవరించండి. మీ కాలేజీ లేదా కోచింగ్ కౌన్సెలర్ పేరు, కూర్చునే వేళలు కనుక్కోండి. ఎవరూ లేరంటే సుప్రీంకోర్టు తీర్పు తేదీ వేసి, ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ పెట్టండి. జవాబు రాయడానికి అంతకన్నా మంచి ప్రాక్టీసు ఉండదు. ఈ లోపు మీకో, మీ రూమ్మేట్‌కో రోజులు గడవడమే కష్టంగా ఉంటే అర్జీ దాకా ఆగొద్దు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. కాల్ కలిశాక భాష ఎంచుకోమంటుంది, అందులో తెలుగు కూడా ఉంది.