ఊడ్చిపారవేయు ఉన్ని

విశాఖపట్టణమునకు ఉత్తరమున, జాతీయ రహదారిపై నున్న ఆనందపురము పూలసంతకు పేరుపొందిన ఊరు. చుట్టుపట్ల పల్లెల రైతులు బంతిని, చామంతిని గంపలకెత్తి అచ్చటికి తెచ్చుచుందురు. పూవు ఎంత మంచిదైనను దారము లేనిదే మాల కాదు. దారము విలువ మాలకట్టువారికి తెలిసినంతగా మరియొకరికి తెలియదు. అయినను ఆ ఊరిలోను, అచ్చటనుండి నగరమువరకు గల పేటలలోను, బొచ్చుకుక్కను పెంచు ఇండ్లవారు ఉదయమున చీపురు కొసకు చుట్టుకొని వచ్చు తెల్లని బొచ్చుండను చెత్తబుట్టలో వేయుచుందురు. అదియు దారము కాదగిన వస్తువే యన్నచో నవ్వువారు కొందరు, ముక్కు మూసికొనువారు కొందరు. ఈ యిరువురి అభిప్రాయమును నిలుచునది కాదు. కుక్క తనంతట రాల్చిన నూగు నిజముగా ఉన్నియే; దానిని ఇంటిలో వడకుట తగిన పనియే.

దట్టమైన బొచ్చుగల కుక్కకు ఒడలిపై రెండు పొరలుండును. పైపొర వెండ్రుకలు నిడుపైనవి, బిరుసైనవి. అవి వానను, దుమ్మును ఆపును. లోపలిపొర మెత్తని నూగు. అది చలిని ఆపును. ఋతువు మారునపుడు ఈ నూగు గుత్తులుగుత్తులుగా ఊడిపోవును. గొఱ్ఱె ఉన్నికిని దీనికిని మూలపదార్థము ఒక్కటే. అది కెరటిన్ అను మాంసకృత్తు. మనుష్యుని తలవెండ్రుకయు, ఆవు కొమ్మును, కోడి గోరును దానితోడనే ఏర్పడినవి. భేదమంతయు పోగు ఆకారములో నున్నది. గొఱ్ఱె ఉన్నిపోగు సన్నని అలలవలె వంకరలు తిరిగియుండును. అందుచేత లాగిన సాగి, విడిచిన ముడుచుకొనును. కుక్కనూగునకు ఆ వంకర తక్కువ. కావున దానితో మాత్రమే అల్లిన చొక్కా కొన్నాళ్లకు సాగి వ్రేలాడును. గొఱ్ఱె ఉన్నిని కొంత కలిపి వడకినచో ఆ లోపము చాలవరకు తీరును. మెత్తదనమునకు గాని, వెచ్చదనమునకు గాని కొదువ యుండదు.

అన్ని కుక్కల బొచ్చును ఈ పనికి రాదు. వీధులలో తిరుగు నాటుకుక్క బొచ్చు పొట్టిది, నున్ననిది; దానికి పురి నిలువదు. ఇంచుమించు రెండంగుళముల పొడవు గల నూగైన వడకుట సులభము. పొమరేనియను, స్పిట్జ్, సమాయెడ్, గోల్డెన్ రిట్రీవరు మొదలగు జాతుల నూగు ఇట్టిది.

పని విధానము కష్టమైనది కాదు గాని ఓపికను కోరును. కుక్కను మెల్లగా దువ్వి, దువ్వెనకు వచ్చిన దానిని గుడ్డసంచిలో పోగుచేయవలెను. కత్తెరతో కోసినది పనికి రాదనియే చెప్పవచ్చును. అందు పై వెండ్రుకల బిరుసు కలియును, పోగులును పొట్టివగును. చాలినంత చేరిన పిమ్మట గోరువెచ్చని నీటిలో కుంకుడురసము కలిపి నానవేయవలెను. నలుపరాదు, నలిపినచో పోగులు చిక్కుపడి అట్టకట్టును. నీడన ఆరిన తరువాత పండ్లపలకల నడుమ ఏకి, ఏకులుగా చుట్టి, తకిలిపై గాని రాట్నముపై గాని వడకవలెను. పోగు నున్నగా జారునది గనుక గొఱ్ఱె ఉన్నికంటె కొంచెము హెచ్చుగా పురి ఎక్కింపవలెను. తరువాత రెండు పోగులను జతచేసి, మొదటి పురికి ఎదురుగా త్రిప్పి పేనినచో అల్లికకు తగిన దారమగును. తడిసిన కుక్క వాసన ఆ దారమునకు ఉండునేమో యని చాలమంది సందేహింతురు. ఆ వాసన చర్మపు జిడ్డునుండియు, దానిపై బ్రతుకు సూక్ష్మజీవులనుండియు వచ్చునది. చక్కగా కడిగిన నూగునకు అది యుండదు. 1937లో వార్ధాలో రూపొందిన మూలవిద్యా పద్ధతి ననుసరించి నడచిన పాఠశాలలలో పిల్లలు తకిలి త్రిప్పుటను అక్షరములతోపాటు నేర్చిరి. నేటి బాలురకు తకిలిని చూపి ఇదేమియని అడిగినచో బొంగరమందురు.

ఇక ముక్కు మూసికొనువారి సంగతి. కుక్క మైలజంతువనియు, దాని బొచ్చు ఒంటికి తగులరాదనియు వారందురు. అయితే శుచి యనునది వస్తువులో నున్నదా, వాడుకలో నున్నదా యని విచారింపవలెను. మడి కట్టుకొనుటకు ధావళి శ్రేష్ఠమందురు. అది గొఱ్ఱె బొచ్చు. పట్టుబట్ట పవిత్రమందురు, పురుగుండగానే గూడును ఉడికించి తీసిన దారమది. దేవునికి వీచు చామరము జడలబఱ్ఱె తోక. సింహాచలమునను తిరుమలలోను భక్తులు తలనీలములను సమర్పింతురు. తిరుమల దేవస్థానమువారు ఆ వెండ్రుకలను వేలము వేయగా ధనము వచ్చుచున్నది. వీనిలో దేనికిని లేని మైల, ఇంటిముందు కాపలా పండుకొను జంతువు రాల్చిన నూగునకు ఎట్లు పట్టినదో చెప్పుట కష్టము. మహాప్రస్థానమున ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్నాడని వినిన జనమే ఈ మాట అనుచుండుట విచిత్రము.

ఇంతకంటె దగ్గరి సాక్ష్యము పొందూరు. శ్రీకాకుళము జిల్లాలోని ఆ ఊరి సన్నఖద్దరును గాంధీమహాత్ముడు మెచ్చెను. అచ్చటి స్త్రీలు కొండపత్తిని గింజ తీయకమునుపే వాలుగ చేప దవడయెముకతో దువ్వుదురు. ఆ దవడపై సన్నని పండ్లు వరుసలు తీరియుండును. అవి చెత్తను తొలగించి పోగులను సాపు చేయును. పిమ్మట వడికిన నూలు నూరవ నంబరువరకు సన్నమగును. ఇనుపదువ్వెనలు దొరకు కాలమునను ఆ చేపయెముకను విడువకపోవుటకు కారణము పనితనమే. ఆ పంచె కట్టుకొనువారెవ్వరును చేపయెముక తగిలినదని దానిని మైలగా నెంచలేదు.

నవ్వువారికి చెప్పదగిన సమాధానము సముద్రముల కావల నున్నది. ఉత్తర అమెరికా పడమటి తీరమున, నేటి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోను అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములోను కోస్ట్ సేలిష్ జాతులవారు కలరు. గొఱ్ఱెలు ఆ దేశమునకు రాకమునుపే వారు ఉన్ని కొరకు ఒక కుక్కజాతిని పెంచిరి. ఇతర కుక్కలతో కలిసి జాతి చెడకుండ వానిని చిన్న దీవులలోను దొడ్లలోను వేరుగా నుంచి, చేపలు పెట్టి పోషించిరి. 1792లో ఆ తీరమునకు వచ్చిన జార్జి వాంకూవర్ అను ఆంగ్ల నావికుడు వానిని చూచి, పొమరేనియా కుక్కలను పోలియున్నవనియు, గొఱ్ఱెలకువలె ఒంటిబొచ్చు మొదలంట కత్తిరింపబడినదనియు వ్రాసెను. కత్తిరించిన ఉన్నిని ఒక మూల పట్టి ఎత్తినచో విడిపోక మొత్తము లేచునంత దట్టముగా నున్నదట. ఆ స్త్రీలు దానికి కొండమేక ఉన్నిని, మొక్కల నూగును చేర్చి, తెల్లమట్టితో కొట్టి జిడ్డు తీసి, కంబళ్లు నేసిరి. ఆ కంబళి కప్పుకొనుటకే గాక, శుభకార్యములందు బహూకరించుటకును తగిన సంపదగా నుండెను.

ఆ కుక్కలు నేడు లేవు. మిల్లు కంబళ్లు చౌకగా వచ్చినవి. మశూచి మొదలగు వ్యాధులు జనులను హరించినవి. కంబళ్లను పంచిపెట్టు పోట్లాచ్ ఉత్సవములను కెనడా ప్రభుత్వము 1885 మొదలు 1951 వరకు చట్టముచే నిషేధించినది. కొనువారును, నేయువారును, పంచువారును లేక కుక్కజాతియే నశించెను. 1859లో చనిపోయిన ఒక కుక్క చర్మము వాషింగ్టన్ నగరమున స్మిత్‌సోనియన్ సంస్థలో మిగిలినది. దాని పేరు మటన్. ఉన్నికుక్కకు గొఱ్ఱెమాంసమని పేరు పెట్టిన యజమానుడు చమత్కారియై యుండవలెను. 2023లో శాస్త్రజ్ఞులు దాని జన్యువులను పరిశోధించి, సుమారు 5,000 సంవత్సరములక్రిందటనే ఆ జాతి ఇతర కుక్కలనుండి వేరుపడినదని తేల్చిరి. అన్ని వేల యేండ్లు నిలిచిన పని నవ్వుటకు తగినది కాదు.

ఒక చిన్న కుక్కను ఏడాదియంతయు దువ్వినను వచ్చునది యెంత? ఒక టోపీకి చాలిన గొప్ప. నిజమే. తెలంగాణమునను రాయలసీమలోను దక్కనీ గొఱ్ఱెల నల్ల ఉన్నితో కురుమలు గొంగళ్లు నేయుదురు. మిల్లు దుప్పట్లు వచ్చిన పిమ్మట ఆ ఉన్నికి ధర పడిపోయి, గొఱ్ఱె బొచ్చు కత్తిరించిన కూలియైనను రాక దానిని పారవేయు చోట్లును కలవు. గొఱ్ఱె ఉన్నియే చెత్త అయిన కాలమున కుక్క ఉన్ని ఎవరికి కావలెనని అడుగువారి మాటలో బాధ యున్నది. దక్కనీ ఉన్ని గట్టిది, గరుకైనది. కుక్కనూగు మెత్తనిది, నిలుకడ తక్కువది. రెంటిని కలిపి వడకి చూచుట చేతనైనవారు చేయదగిన పని. ఆనందపురమున ఉన్నిటోపీతో పనిలేకపోవచ్చును. లంబసింగి, అరకు ప్రాంతముల చలిలో పని కలదు.

అయితే ఈ పని ఇల్లు దాటి వ్యాపారము కారాదు. విశాఖ తీరపు ఉక్కకు రెండుపొరల బొచ్చుగల కుక్క తాళజాలదు. మనుష్యునికివలె దానికి ఒడలంతయు చెమట పట్టదు; నాలుక చాచి రొప్పి వేడిని వెడలించుకొనును. హస్కీవంటి మంచుదేశపు కుక్కను సొగసు కొరకు తెచ్చి కాకరాళ్లపై కట్టివేయువారు ఇప్పుడే కలరు. దాని బొచ్చునకు వెల కట్టినచో ఏమగునో ఊహింపవచ్చును. మొదలంట గొరుగుటయు మేలుకాదు. ఎండనుండి చర్మమును కాపాడు పైపొర పోవును, మరల సరిగా మొలవక పోవుటయు కలదు. కుక్కలను, పిల్లులను చంపి తీసిన బొచ్చుతోళ్ల వ్యాపారము ప్రబలుటచేతనే అమెరికా 2000లోను, ఐరోపా సమాఖ్య 2007లోను వాని దిగుమతిని నిషేధించుచు చట్టములు చేసినవి. ఆ చట్టములు దువ్వెనతో తీసిన నూగును గూర్చినవి కావు. కాని బజారులో దారపుండను చూచి, అది ప్రేమతో దువ్వినదో, బోనులో కట్టి గొరిగినదో కొనువాడు చెప్పజాలడు. ఇంటి కుక్క నూగుతో ఇంటిలోనే అల్లిన టోపీ విషయమున ఆ సందేహమునకు చోటు లేదు. ఆ కుక్క గుమ్మములోనే యుండును.